ఐదేళ్ల ప్లానులో మా ఊరు

మా కేంద్రాన్ని మూసేస్తున్నారన్న కబురు మా కేంద్రంలో ఉన్న కంప్యూటర్‌లోకే వచ్చింది. మా చావు కబురు మా చేతే చదివించారన్నమాట. కాస్తయినా సిగ్గుండొద్దూ!

అది 1994 జూలై. బిలాస్‌పూర్‌లో వాన పట్టుకుంది. కుదుదండ్‌లో మేం అద్దెకున్న రెండు గదుల ఇంట్లో, వెనక గది కురుస్తుంటే బకెట్ పెట్టి, ముందు గదిలో కంప్యూటర్‌కి పాత దుప్పటి కప్పి కాపాడుకుంటున్నాం. నా సహోద్యోగి గిరిబాబు ఆ రోజు వచ్చిన ఉత్తరాలు ప్రింటు తీస్తూ ఒక్కసారి ఆగిపోయాడు.

"అక్కా, ఇదేటో చూడు. మనల్ని బంద్ చేసెస్తన్నారు."

"ఎవర్ని?"

"మనల్నే! బిలాస్‌పూర్ సెంటర్ బంద్. మిషన్ భోపాల్ పంపించెయ్యాలట."

శోధ్‌నెట్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. దేశంలో ఉన్న పరిశోధకులు ఒకరికొకరు ఉత్తరాలూ లెక్కలూ పంపుకోడానికి ప్రభుత్వం తన డబ్బుతో వేసిన కంప్యూటర్ల వల అది. మా దగ్గరున్నదల్లా ఒక కంప్యూటర్, ఒక ఫోను, ఆ రెంటినీ కలిపే మోడెమ్ అనే డబ్బా. ఆ డబ్బా నాగపూర్‌లో ఉన్న పెద్ద కంప్యూటర్‌కి ఫోను చేసి, కాసేపు కీచుమని అరిచి, మా సరుకు అందిస్తుంది. నాగపూర్ నుంచి అది బొంబాయికి వెళ్తుందో, విదేశాలకి వెళ్తుందో, ఎక్కడికైనా వెళ్తుంది. ఈ ఊళ్లో దాన్ని మొదలుపెట్టినదాన్ని నేను. గోడలకి మేకులు కూడా నేనే కొట్టాను.

ఇప్పుడు శోధ్‌నెట్‌కి రాబోయే ఐదేళ్ల ప్లాను తయారవుతోంది. ఆ రోజు మాకొచ్చింది దాని ముసాయిదా. రోజుకి పది కాల్స్ కన్నా తక్కువ చేసే కేంద్రాలన్నిటినీ మూసేసి, వాటి యంత్రాల్ని పెద్ద ఊళ్లకి తరలించాలని అందులో ఉంది. మా పేరుకి ఎదురుగా "రోజుకి ఒక కాల్. వాడకం లేదు" అని రాశారు.

వాడకం లేదట! చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే రోజుకి ఒక్క కాల్ చెయ్యడం మా ఘనత. నేను రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న పోలయ్య ఈ డివిజన్‌లో గూడ్స్ డ్రైవరుగా రిటైరయ్యాడు. మా ఇళ్లలో పిల్లలకి అన్నం తినడంతోపాటు తెలిసే సంగతి ఒకటుంది. బొగ్గు వ్యాగన్లు అన్నీ నిండి, రేక్, అంటే వ్యాగన్ల వరస, పూర్తయ్యాకే బండి కదలాలి. సగం ఖాళీ రేక్‌ని లైను మీదికి పంపడమంటే మావాళ్ల దృష్టిలో తప్పుడు పని. అందుకే నేనూ అలాగే చేశాను. టసర్ పట్టుపురుగుల కేంద్రంవాళ్ల లెక్కలు, వరి పరిశోధనవాళ్ల వాన కొలతలు, బొగ్గు పొరలు చదివేవాళ్ల పటాలు, రక్తపరీక్షల ల్యాబు వివరాలు అన్నీ పొద్దున్నించీ పోగుచేసి, బాగా కుదించి, ఒకే మూటగా కట్టి, సాయంత్రం ఒక్క ఫోన్‌తో పంపేసేదాన్ని. లైను వృథా కాకూడదని మా తాపత్రయం. ఆ పొదుపే మా కొంప ముంచింది. కమిటీవాళ్లు కాల్స్ లెక్కపెట్టారు గాని, కాల్‌లో ఏముందో చూడలేదు.

వెంటనే ప్లాను కమిటీ అధ్యక్షుడు శేషగిరిరావుగారికి ఫోన్ చేశాను. ఆయనది గుంటూరు వైపు. ఢిల్లీలో మాకు శిక్షణ ఇచ్చింది ఆయనే.

"సార్, మేం రోజంతా పోగుచేసి ఒకేసారి పంపుతాం. మా మూట ఎంత పెద్దదో చూడండి, నాలుగు పెద్ద కేంద్రాలంత ఉంటుంది" అన్నాను.

"కావచ్చునమ్మా. కానీ కమిటీ ఒప్పుకున్న కొలత కాల్స్. కొలతని ఒక్క ఊరి కోసం మార్చలేం కదా."

"మరి ఇక్కడి పరిశోధకులు ఏం చెయ్యాలి?"

"ఏముంది? వివరాలన్నీ ఫ్లాపీల్లో భోపాల్‌కి పోస్టు చేస్తే సరి. అక్కడివాళ్లు చూసుకుంటారు. మీరు వివరాలు సేకరించే కేంద్రంగా ఉంటారు."

సేకరించే కేంద్రమట. ఫోన్ పెట్టేశాక ఆ మాటే చెవిలో గింగురుమంది.

ఆ మాటకి అర్థమేమిటో నాకన్నా డాక్టర్ మాధవీలతకి బాగా తెలుసు. మా వీధి చివరే ఆవిడ ల్యాబు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో సికిల్‌సెల్ జబ్బు ఎక్కువ. నెత్తురు కణాలు వంకర తిరిగి పిల్లలు కీళ్లనొప్పులతో గిలగిలలాడిపోతారు. ఒకే జబ్బు ఒక పిల్లని మంచాన పడేస్తుంది, ఇంకో పిల్లాణ్ని బడికి పోనిస్తుంది. ఆ తేడా ఎందుకని ఆవిడ ఆరేళ్లుగా ఊరూరూ తిరిగి రక్తం తీసి చూస్తోంది. రోజూ మా లైను మీద బొంబాయిలో ఉన్న నిపుణులతో మాట్లాడుతూ, వాళ్ల ఫలితాలతో తనవి పోల్చుకుంటోంది. జవాబుకి దగ్గరపడ్డానని ఆ మధ్యే మురిసిపోతూ చెప్పింది.

ఆవిడ ముసాయిదా చదివింది. తర్వాత చేతి తొడుగులు తీసి బల్లమీద విసిరికొట్టింది.

"ఇదివరకు ఒకసారి అయింది ఝాన్సీ. మూడేళ్ల పని ఫ్లాపీల్లో పంపాను. ఏడాది తర్వాత ఎవరి పేరుతోనో పత్రికలో చూసుకున్నాను. చివర్లో చిన్న అక్షరాలతో 'స్థానిక సిబ్బందికి కృతజ్ఞతలు' అని వేశారు. నెత్తురు మనూరిది కావాలి. ఆలోచించే బుర్ర మాత్రం వాళ్లదవ్వాలి. నీ లైను పోతే నేను మళ్లీ సూది పట్టుకుని రక్తం తీసేదాన్నే అవుతాను. అంతకంటే మానేసి ఇంటికి పోతాను."

"మానేస్తే ఊరుకుంటానా?" అన్నాను. అన్నానే గాని ఏం చెయ్యాలో నాకు తెలియదు.

లూనా మోపెడ్ వేసుకుని తోర్వాలోని మా ఇంటికి వచ్చేసరికి తడిసి ముద్దయ్యాను. మా అమ్మ అప్పయమ్మ తువ్వాలు విసిరి నా మొహం చూసింది.

"ఏటే, ఎవుల్తో దెబ్బలాడొచ్చినావ్?"

అంతా చెప్పాను. మా నాన్న కుర్చీలోంచి లేచి కూచున్నాడు. "రేక్ నింపి పంపడం తప్పా? ఆళ్లకేటి తెలుసే! ఒట్టి ఇంజిన్ పది సార్లు ఇటూ అటూ తిరిగితే పనయినట్టా? ఏ గాడిద రాసినాడా ప్లాను?"

"గాడిద కాదు నాన్నా, పెద్ద చదువులు చదువుకున్నాయనే."

"మరయితే సమ్మె చేసెయ్."

"ఇద్దరం ఉన్నాం. ఇద్దరం మానేస్తే ఎవరికి నష్టం? మూసెయ్యడానికి వాళ్లకి ఇంకా సులువు."

అమ్మ పొయ్యి దగ్గర్నించే అందుకుంది. "సమ్మెలెందుకే? ఓ ఏడు మీ నాన్నోలు సమ్మె చేసినారా ఏటి? రూలు పెకారం పని చేసినారంతే. పెతీ టేసన్లోనూ దిగి బ్రేకులు చూసుకున్నారు, పెతీ వ్యాగనూ తట్టి చూసుకున్నారు. ఈ పక్కనున్న చాంపా ఎల్డానికే పొద్దుపోయింది. ఎనకాల బళ్లన్నీ ఆగిపోనాయి. పెద్ద సాయిబులు వచ్చి, ఒరే బాబూ రూలొగ్గెయ్యండ్రా, పాతలాగే చెయ్యండ్రా అని బతిమాలుకున్నారు. తప్పంటానికేటీ లేదు కదా, ఆళ్లు రాసిన రూలే!"

నాన్న పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మాకూ ఒక రూలుంది. ఢిల్లీ శిక్షణలో శేషగిరిరావుగారే బోర్డు మీద రాసి మాచేత వల్లె వేయించారు. ఏ ఉత్తరం వచ్చినా వచ్చిన వెంటనే, విడిగా, ఒక్కదాన్నే పంపాలి. నాగపూర్ నుంచి 'అందింది' అని వచ్చేదాకా ఆగాలి. లైను కట్ చెయ్యాలి. తర్వాతదానికి మళ్లీ ఫోన్ చెయ్యాలి. టెలిగ్రాఫ్ రోజుల పద్ధతి అది. ఏ కేంద్రమూ దాన్ని పాటించదు. పాటిస్తే ఏమవుతుందో ఎవరికీ తట్టను కూడా తట్టలేదు. నాగపూర్‌లో ఫోన్ లైన్లు ఉన్నవి రెండంటే రెండు.

పొద్దున్నే చెప్తే గిరిబాబు మొహం పాలిపోయింది. "అక్కా, నౌకరీ చలీ జాయేగీ! నాకు ఇద్దరు ఆడపిల్లలు."

"ఏ రూలు తప్పామని తీసేస్తారు? నువ్వు ఏమీ చెయ్యొద్దు. బటన్ నేను నొక్కుతాను, నువ్వు టీ తెచ్చిపెట్టు చాలు."

వాడు కాసేపు గోళ్లు కొరుక్కున్నాడు. "టీ తెచ్చీవోణ్ని మాత్రం ఒగ్గేస్తారేటి? అచ్ఛా, బటనూ నేనే నొక్కుతాను. చలో."

ప్లాను కమిటీ ఆఖరి సమావేశం ఆ సోమవారమే నాగపూర్‌లో మొదలైంది. దిద్దిన ముసాయిదాని శోధ్‌నెట్ మీదే దేశమంతా పంపి, అభిప్రాయాలు శోధ్‌నెట్ మీదే తెప్పించి, గురువారం ప్రభుత్వ సెక్రటరీగారికి చూపించి సంతకం చేయించుకోవాలని వాళ్ల ఏర్పాటు. మేం కూడా సోమవారమే రూలు పాటించడం మొదలుపెట్టాం.

అందరికీ ముందే చెప్పి ఉంచాను. వరివాళ్లు ఒక్కో మడి వాన కొలత ఒక్కో ఉత్తరంగా ఇచ్చారు. పట్టుపురుగులవాళ్లు ట్రేకొకటి. మాధవీలత మనిషికొకటి. అన్నీ నిజమైన లెక్కలే, ఒక్క అబద్ధపు అక్షరం లేదు. ఫోన్, కీచు, ఉత్తరం, 'అందింది', కట్. మళ్లీ ఫోన్. పొద్దుట్నించి సాయంత్రం దాకా మోడెమ్ అరుస్తూనే ఉంది. పక్కింటి గుప్తాజీ వచ్చి, "బిటియా, ఏదైనా జంతువుని పెంచుతున్నారా?" అని అడిగాడు.

మంగళవారం నాటికి నాగపూర్ లైనొకటి పూర్తిగా మాదే. రెండోదాని కోసం మిగతా ఊళ్లన్నీ కొట్టుకుంటున్నాయి. జగదల్‌పూర్ కేంద్రం నడిపే కోమల, మా రెండు కాల్స్ మధ్య సందు చూసుకుని ఫోన్ చేసి కడిగిపారేసింది.

"ఏమండీ, మీ పాటికి మీరు లైను పట్టుకు కూచుంటే మా సంగతేంటి? నిన్నట్నించి ఒక్క ఉత్తరం కదల్లేదు!"

ఆమె కోపం న్యాయమైనదే. నాకు నిజంగా బాధేసింది. క్షమించమని అడిగి, ఎందుకు చేస్తున్నామో చెప్పాను. "మీ ఊరు కూడా మూసేసే జాబితాలో ఉందిగా, చూసుకోలేదా?" అన్నాను.

"చూసుకున్నాను. ఏడ్చి ఊరుకున్నాను" అని పెట్టేసింది.

బుధవారం పొద్దున్న శేషగిరిరావుగారు రైలు దిగి నేరుగా మా ఆఫీసుకొచ్చారు. నలిగిన చొక్కా, నిద్రలేని కళ్లు. గిరిబాబు కుర్చీ తుడిచి వేశాడు. మాధవీలతకి కబురంపాను.

"ఝాన్సీ గారూ, ముందు అది ఆపండి. దిద్దిన ముసాయిదా ఒక్క ఊరికీ వెళ్లలేదు. రేపు సెక్రటరీగారి ముందు నేనేం చూపించాలి?"

"మీరు నేర్పిన రూలే పాటిస్తున్నాను సార్. తప్పుంటే చెప్పండి."

"తప్పని కాదు..." అని ఆగి, గొంతు తగ్గించారు. "మనవాళ్లం కదమ్మా మనం. పరాయి రాష్ట్రంలో ఒకరికొకరం సాయపడాలి గాని, ఇలా పరువు తీసుకుంటామా?"

"మనవాళ్లమని ఇప్పుడు గుర్తొచ్చిందా సార్? మీ లెక్క చూసుకోండి. కాల్సే కదా కొలత? ఈ మూడు రోజుల్లో దేశం మొత్తం మీద ఎక్కువ కాల్స్ చేసింది మా ఊరే. మీ ప్లాను ప్రకారం మాకు ఇంకో మెషీను ఇవ్వాలి."

గిరిబాబు దగ్గు వచ్చినట్టు నటించి అటు తిరిగాడు. శేషగిరిరావుగారి మొహం ఎర్రబడింది.

"మిమ్మల్ని రేపే బదిలీ చెయ్యగలను."

"చెయ్యండి. ఈ ఊళ్లో పట్టుపురుగులవాళ్ల గుమాస్తాక్కూడా డయల్ చెయ్యడం నేర్పేశాను. నేను లేకపోయినా రూలు ఆగదు."

అప్పటికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్న మాధవీలత లోపలికొచ్చింది. ఆవిడ అరవలేదు. "సార్, మీ ప్లాను ఐదేళ్లకి. ఈ ఐదేళ్లూ నేను ఏమవుతానో అందులో రాసి ఉంది, రక్తం తీసి పోస్టు చేసేదాన్నని. నేను డాక్టర్ని. ఈ పిల్లల జబ్బు సంగతి ఇక్కడే కూచుని తేల్చగలను. చేతకాదని మీరనుకుంటే నా మొహం మీదే అనండి, వింటాను."

ఆయన అనలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆఖరికి కుర్చీ కంప్యూటర్ ముందుకి లాక్కున్నారు.

"ఆపెయ్యండి. మార్చి పంపుతాను."

గిరిబాబుకి సైగ చేశాను. మోడెమ్ నోరు మూసుకుంది. ఆయన సంచిలోంచి ఫ్లాపీ తీసి పెట్టి, ముసాయిదా తెరిచి మా పేరుకి ఎదురుగా ఉన్న ముక్క కొట్టేసి, "పూర్తిస్థాయి కేంద్రం. సొంత లైను" అని టైపు చేశారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆయనకి కనపడకుండా మొహం తిప్పుకున్నాను. మాధవీలత నా భుజం గట్టిగా పట్టుకుంది.

నేనే బటన్ నొక్కాను. నాగపూర్ బిజీ. మళ్లీ నొక్కాను. బిజీ. మరోసారి. బిజీ.

"ఇంకా ఎవరు? మీరు ఆపేశారుగా?" అన్నారాయన కంగారుగా.

అప్పుడే ఫోన్ మోగింది. కోమల గొంతు నవ్వుతోంది. "ఝాన్సీగారూ, పొద్దున్నించి మేమూ రూలులోకి దిగాం. మూసేసే జాబితాలో ఉన్న అంబికాపూర్‌కీ కోరాపుట్‌కీ కూడా చెప్పాను. రెండు లైన్లూ మావే!"

నేను ఫోన్ పక్కన పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. శేషగిరిరావుగారు గడియారం చూసుకున్నారు. ఈ పూట ముసాయిదా వెళ్లకపోతే రేపు సంతకం లేదు, ఐదేళ్లకీ డబ్బు లేదు.

"వాళ్లని ఆగమనండి. మీ మాట వింటారు."

"నేను చెప్తే వాళ్లెందుకు ఆగాలి సార్?"

"మీ ఊరు వచ్చేసింది కదా! ఇంక వాళ్లతో మీకేం పని?"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మనసు ఊగింది. ఒక్క మాట చెప్తే చాలు. కోమల ఆగుతుంది, మా లైను మాకు దక్కుతుంది, మాధవీలత పని సాగుతుంది, గిరిబాబు ఉద్యోగం నిలబడుతుంది. మళ్లీ ఈయన మనసు మారితే? నాలుక చివరిదాకా వచ్చింది.

ఫోన్ ఇంకా బల్లమీదే ఉంది. అవతల కోమల "హలో, హలో" అంటోంది. ఏడ్చి ఊరుకున్నానని నిన్న చెప్పిన గొంతే అది.

"మేం ఎత్తిన గొడవే వాళ్లూ ఎత్తారు సార్. నాకిచ్చి వాళ్లకి లేదంటే ఈ ముక్క కూడా కొట్టేసుకోండి, నాకొద్దు" అన్నాను.

"అక్కా!" అన్నాడు గిరిబాబు. మాధవీలత వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

శేషగిరిరావుగారు నన్నూ, ఫోన్‌నీ, తెర మీద ఉన్న మా ఊరి పేరునీ మార్చి మార్చి చూశారు. తర్వాత కుర్చీ మళ్లీ ముందుకి జరుపుకుని, మూసేసే జాబితా మొదటి పేజీకి వెళ్లారు.

"కోరాపుట్‌కి స్పెల్లింగు చెప్పండి, వెతుకుతాను" అన్నారు.

"ముందు జగదల్‌పూర్ రాయండి సార్" అన్నాను. "ఆవిడ లైన్లో ఉంది."